విరుపమ్మ మూడు ఈకల పిట్టలు

పాలవెల్లి రాజ్యంలో ఆ యేడు పంట విరగపండింది. గాదెలు నిండాయి, వంటశాలల్లో పొయ్యిలు ఆరలేదు. అయినా కొత్తన్నం పండుగ అయిన వారానికే జనం ఒక్కొక్కరుగా కూలబడసాగారు. కడుపునిండా తిన్నవాడు కంచం ముందునుంచి లేవలేకపోయేవాడు. పిల్లలు బొంగరానికి తాడు చుట్టి, విసిరే బలం చాలక, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. పొద్దున్నే సభకు బయలుదేరిన మంత్రిగారు మధ్యాహ్నానికి ఏడో మెట్టు చేరేవారు. అందరి ఒళ్లూ చల్లబడ్డాయి. మోకాలు గీరుకుపోతే మానేది కాదు. పాలపళ్లు ఊడిన పిల్లలకు కొత్త పళ్లు మొలవలేదు.

రాజు గుణవర్మ మంచివాడే కాని తొందరపాటు మనిషి. తిన్నది బలం ఇవ్వడం లేదంటే వంటలోనే ఏదో కలిసిందనుకున్నాడు. పెద్ద వంటవాడు చెంగయ్యను చెరలో వేయించి, పున్నమిలోగా జనానికి సత్తువ రాకపోతే అతణ్ణి ఎల్ల దాటించమని తీర్పు చెప్పాడు. ఎల్ల అవతల నీటిచుక్క లేని రాతిబీడు. అరవై ఏళ్ల చెంగయ్య అప్పటికే గోడ పట్టుకుని కూడా నాలుగడుగులు వేయలేకపోతున్నాడు. అక్కడ దిగబెడితే ఆయన బతకడని తీర్పు రాసినవాడికీ తెలుసు.

చెంగయ్య ఏ నేరమూ చేయలేదని ఆ రాజ్యంలో ఒక్కరికి మాత్రం ఖాయంగా తెలుసు. ఆయన కూతురు నాంచారికి. ఎందుకంటే తప్పు ఆమెది.

పాలవెల్లి అడవుల్లో ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉండేవారు. అక్క కూర్పమ్మ. ఎముక, గోరు, వెంట్రుక, చెట్టుకు చిగురు, అన్నీ ఆమె కట్టేవే. చెల్లెలు విరుపమ్మ. ప్రాణులు తిన్నదాన్ని విరిచి అందులోంచి బలం తీయడం ఆమె పని. కూర్పమ్మకు కోటలో పూలమంటపం కట్టారు. విరుపమ్మకు ఏమీ కట్టలేదు. ఆమె ఒంటినిండా మసి. ఏడాదికి ఒక్కసారి, కొత్తన్నం రోజున, కోట వాకిలికి వచ్చి నిలబడేది. వంటవారి ఇంటి బిడ్డ ఎదురెళ్లి, కుండ అడుగున మాడిన అన్నపు చెక్కను ఆకులో పెట్టి ఇచ్చి, "అవ్వా, లోపలికి రా" అని పిలవాలి. ఎవరో ఎప్పుడో పెట్టిన ఆచారం. ఎందుకో అందరూ మరిచిపోయారు.

ఆ యేడే నాంచారి రాకుమారి హేమరేఖకు చెలికత్తె అయింది. మొదటిసారి పట్టుపరికిణీ కట్టింది. చెలికత్తెలందరి నడుమ ఆకు పట్టుకుని నిలబడి ఉండగా ముసలమ్మ రానే వచ్చింది.

"వచ్చావటే మనవరాలా! ఎంత పొడుగయ్యావే!" అంటూ మసిచేయి చాచింది.

"అయ్యో, ఈవిడ మీ అవ్వా నాంచారీ? చెప్పనేలేదే!" అంది ఒక చెలికత్తె. రాకుమారితో సహా అందరూ కిసుక్కున నవ్వారు.

నాంచారి చెవులు వేడెక్కాయి. "మా అవ్వా? ఛీ! ఉన్నదాన్ని విరిచి పాడుచేయడం తప్ప ఏమీ చేతకాని మనిషి. కావలీ, పంపించెయ్ ఈవిడని!" అంది.

కావలివాడు ఈటెతో ఆమెను వెనక్కి గెంటాడు. ముసలమ్మ తన చేతులకేసి ఒకసారి చూసుకుని, వాటిని కొంగులో దాచుకుని వెనుదిరిగింది. నాంచారి మాడుచెక్కను గోడవతలికి విసిరేసింది. "అవ్వ తిందా?" అని సాయంత్రం తండ్రి అడిగితే, "తిని వెళ్లింది నాన్నా" అంది.

చెరసాలకు వెళ్లిన రోజున నిజం చెప్పేద్దామనే ఊచల దగ్గర కూర్చుంది. తండ్రి చేయి ఊచలకన్నా చల్లగా ఉంది.

"ఏడవకే," అన్నాడు చెంగయ్య. "పప్పులో ఉప్పెక్కువైతే తప్పు నాదని ఎప్పుడూ ఒప్పుకున్నాను. ఇది మాత్రం నేను చేయలేదు. ఊరు నమ్మకపోతే పోయె. నువ్వు నమ్ముతావుగా?"

నాంచారి తల ఊపింది. నోట్లోకి వచ్చిన మాట నోట్లోనే ఉండిపోయింది. మర్నాడు పట్టుపరికిణీ విప్పి పెట్టి, పాత నూలు పావడా ఓణీ కట్టుకుని, విరుపమ్మను వెతుక్కుంటూ అడవిదారి పట్టింది. పున్నమికి అప్పటికి పన్నెండు రోజులు.

ఆమె కాళ్లలోనూ సత్తువ లేదు. నూరడుగులు వేయడం, కూర్చోవడం. దారిలో ఎవరో తనకు ముందు నడిచినవాళ్లు ముళ్లకంపను పక్కకు లాగిపెట్టి పోయారు. ఆ ముక్కూమొహం తెలియని మనిషికి ఆమె మనసులోనే దండం పెట్టుకుంది. మూడోనాడు ఒక ఆశ్రమం ముందు పడిపోయింది.

కళ్లు తెరిచేసరికి గడ్డం నెరిసిన ముని దొన్నె పట్టుకుని ఉన్నాడు. చుట్టూ వరసగా కుండలు. పుల్లని వాసన.

"లేవకు. పడుకునే తాగు."

"ఏమిటి స్వామీ ఇది?"

"తరవాణి. గంజి పులిస్తే వచ్చేది. మీ ఇంట్లో లేదేమిటి? ఏదీ, కాళ్లు ఆడించు."

"ఆడుతున్నాయి. కాని పిక్కలు సలుపుతున్నాయి స్వామీ."

"సలపవా మరి! జరిగింది అరకొర పనే." ముని నవ్వి ఆమె పక్కన కూర్చున్నాడు. "ప్రాణమున్న ప్రతి ఒంట్లోనూ కంటికి ఆనని గదులు కోటానుకోట్లు ఉంటాయి తల్లీ. ఒక్కో గదినిండా పిట్టలు. పిట్టకు తోకలో మూడు ఈకలు. మూడో ఈక రాలుతుంది చూడు, అప్పుడు పుడుతుంది బలం. నువ్వు కన్ను ఆర్పాలన్నా, జుట్టు పెరగాలన్నా ఈకలు రాలాల్సిందే. రెండీకలతో మిగిలిన పిట్ట విరుపమ్మ దగ్గరికి పోయి మూడోది తగిలించుకుని వస్తుంది. రోజుకు వెయ్యిసార్లు పోతుంది, వెయ్యిసార్లు వస్తుంది. ఇప్పుడావిడ పని ఆపేసింది. పాత ఈకలున్న పిట్టలు ఎన్నాళ్లుంటే అన్నాళ్లు మనం."

"మరి ఈ తరవాణి?"

"ఇది నా చిన్న విద్య. తీపి పలుకొకటి తీసుకుని రెండు ముక్కలు చేస్తాను. రెండు పిట్టలకు ఈకలొస్తాయి. మిగిలిందంతా పులుపే. అదే పలుకులోంచి విరుపమ్మ అయితే ముప్పై పిట్టలను లేపేది."

ఇది చదువుతున్న మీరు ఇప్పుడు పేజీ తిప్పడానికి వేలెత్తుతారు కదా. ఆ ఒక్క వేలికోసం ఎన్ని ఈకలు రాలతాయో లెక్కపెట్టడం ఆ మునివల్ల కూడా కాలేదు.

"ఇంతకీ ఆవిడ ఎందుకు ఆపేసిందో నీకేమైనా తెలుసా?" అన్నాడు ముని.

"కోటలో... ఎవరో అమ్మాయి అవమానించిందట స్వామీ."

ముని ఆమె ముఖంకేసి చూడలేదు. సొరకాయ బుర్రలోకి తరవాణి వంపుతూ తల వంచుకునే ఉన్నాడు. బుర్ర నిండాక ఇంకొంచెం వంపాడు. రెండోసారి అడగలేదు. ఆ దయకు నాంచారికి చెంపదెబ్బ తిన్నట్టయింది. బుర్ర భుజాన వేసుకుని, సలిపే పిక్కలతో, ముని చూపిన కొండదారి ఎక్కింది.

రెండు కొండల మధ్య ఇరుకుదారి ఒక్కటే ఉంది. అందులో తెల్లగా, నునుపుగా, వెన్నముద్దలా ఒక గుట్ట అడ్డం పడి ఉంది. నాంచారి దానిమీదికి ఎక్కబోయింది.

"ఎవరే అది, నా పొట్ట తొక్కుతున్నది?" అంది గుట్ట.

నాంచారి జారి కిందపడింది. గుట్టకు ఆ కొసన రెండు చిన్న కళ్లు, రెండు కోరలు కనబడ్డాయి. అతను కొవ్వాసురుడు.

"నన్ను... నన్ను తింటావా?"

"తినడమా? ఆ పేరెత్తకు! ముందు నా ముక్కు గోకు. పదిహేను రోజుల్నుంచి దురద. చెయ్యి అందడం లేదు."

ఆమె భయపడుతూనే గోకింది. రాక్షసుడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"హమ్మయ్య! చల్లగా ఉండు. అడుగుతావా అడగవా, నేనిలా ఎందుకయ్యానో?"

"ఎందుకయ్యావు మామా?"

"మీరు అవసరానికి మించి తిన్నదంతా నా దగ్గరికే చేరుతుంది పిల్లా. అది నా కొలువు. కరువొచ్చినా, జ్వరమొచ్చి లంఖణం చేసినా నా దగ్గరికొచ్చి పట్టుకుపోతారు. ఇప్పుడు విరిచేవారు లేరు, పట్టుకుపోయేవారు లేరు. పోగుపడటమే పోగుపడటం. ఒకప్పుడు నేను సన్నగా, తీరుగా ఉండేవాణ్ణి. నమ్మవా?"

"నమ్ముతాను మామా."

"నువ్వొక్కదానివే నవ్వకుండా నమ్మావు. సరే, దారి ఇవ్వాలంటే కాలు తీయాలి. కాలు చలికి కొయ్యబారింది. నాలోంచే కాస్త కొవ్వు తీసి వెచ్చబెట్టు."

"వంటవారి పిల్లను, మంట సంగతి నాకు తెలుసు" అని నాంచారి తొందరపడింది. తలకాయంత ముద్ద తీసి, చెకుముకిరాయి కొట్టి, ఒక్కసారే అంటించింది. భగ్గుమని మంట తాటిచెట్టంత లేచి, రెప్పపాటులో ఆరిపోయింది. కాలు వెచ్చబడలేదు.

"ఓసి నీ దుంపతెగ! నా కనుబొమ్మలు!" అని కొవ్వాసురుడు అరిచాడు. "వంటవాళ్ల పిల్లనంటావు! ఇదేనా మీ నాన్న నేర్పింది?"

నాన్న పేరు వినగానే ఆమె తల వాలిపోయింది. ఓణీ కొంగు చింపి సన్నని వత్తులు చేసింది. రాతిలో గుంటలు చూసి, గుంటకు వేలెడంత కొవ్వు పెట్టి, ఒక్కొక్కటే వెలిగించింది. నూరు దీపాలు కాలు పొడవునా నెమ్మదిగా, పొగ రాకుండా వెలిగాయి. పొద్దు వాలేలోపే కాలు మెత్తబడింది.

"చూశావా, అదే ముద్ద. ఒక్కసారే తగలబెడితే నా కనుబొమ్మలు పోయాయి, ఇలా పెడితే కాలొచ్చింది. విరుపమ్మ కూడా ఇలాగే చేసేది," అని కొవ్వాసురుడు మూలుగుతూ కాలు మడిచాడు. "ఆమెను తరిమిన పాపిష్ఠిది దొరకాలి గాని, దాని మీద కూర్చుంటాను!"

"ఆ అమ్మాయి నాకు తెలుసు మామా. చాలా... చాలా సిగ్గుపడుతోంది."

"సిగ్గుపడితే తనే రావచ్చుగా? నిన్నెందుకు పంపింది?"

నాంచారి గబగబా దారి దాటింది. ఆ ప్రశ్న మాత్రం ఆమె వెంటే నడిచింది.

ఆరోనాటికి ఆమె లోయలోకి దిగింది. అక్కడ ఎత్తైన కట్ట, కట్టకు తూము, తూము కింద పెద్ద చక్రం. కట్ట పక్కన నీళ్లు పైకి తోడే ఏతాలు బారుగా ఉన్నాయి. ఏదీ కదలడం లేదు. కట్టమీద, కొమ్మలమీద, రాళ్లమీద లక్షల పిట్టలు రెండేసి ఈకలతో మౌనంగా కూర్చున్నాయి. నీటి ఒడ్డున విరుపమ్మ గొంతుక్కూర్చుని కుంకుడుకాయ నురగతో చేతులు రుద్దుకుంటోంది. రుద్దిరుద్ది చేతులు కమిలిపోయాయి. మసి మాత్రం పోలేదు.

అలికిడికి తలెత్తి, "నువ్వా?" అంది. గబుక్కున చేతులు వెనక్కి దాచుకుంది. "ఇంత దూరం ఎందుకొచ్చావమ్మా, పావడా మాసిపోతుంది."

నాంచారి దారంతా ఎన్నో మాటలు కూడబెట్టుకుని వచ్చింది. వాటిని వదిలేసి, ముసలమ్మ ముందు మోకరిల్లింది.

"నీమీద నాకు కోపం లేదే," అంది విరుపమ్మ. "నువ్వన్నది నిజమేగా. అక్క కడుతుంది, నేను విరుస్తాను. విరిచే చేతులు ఎవరికి కావాలి? ఇన్నేళ్లూ సిగ్గులేకుండా వాకిట్లో నిలబడ్డాను. అందుకే మానేశాను."

"అవ్వా, నిజం కాదు! నువ్వు మానేశాక కూర్పమ్మ ఒక్క గోరు కట్టలేకపోయింది. మా వీధి పిల్లలకు పళ్లే రావడం లేదు. అందరివీ బోసినోళ్లే. నీ పిట్టలు లేకుండా కట్టడానికి ఆవిడకు మాత్రం బలమెక్కడిది?" నాంచారి ఊపిరి తీసుకుంది. "నువ్వెవరో తెలియక అన్న మాట కాదు అవ్వా. చెలికత్తెల్లో చిన్నబోతానని అన్నాను. మాడుచెక్క గోడవతల పారేశాను. నువ్వు తిన్నావని నాన్నకు చెప్పాను. ఆయన చెరలో ఉంటే అప్పుడూ చెప్పలేదు. దారిలో మునికి ఎవరో అన్నారని చెప్పాను, రాక్షసుడికి సగం చెప్పాను. ఆ ఎవరో నేనే. నాకు ఈ సిగ్గుతో భూమిలోకి దిగిపోవాలనుంది."

విరుపమ్మ వెనక దాచిన చేతులు మెల్లగా ముందుకు వచ్చాయి.

"సిగ్గును మొత్తంగా మింగితే గొంతుకడ్డం పడుతుందే పిచ్చిదానా. ముక్కముక్కగా విరుచుకోవాలి. ఒక్కో ముక్కకు ఒక్కో నిజం చెప్పు. కాస్త బలమొస్తుంది. ఇప్పుడు ఒక ముక్క విరిచావు. లే, ఏతం తొక్కుదువుగాని."

ఇద్దరూ లేచారు. విరుపమ్మ ఒక తీపి పలుకును గుండ్రని రాతిబాటలో పడేసి తిప్పసాగింది. చుట్టుచుట్టుకూ దాంట్లోంచి ఒక పెళ్ల విరిగేది. పెళ్ల విరిగినప్పుడల్లా ఏతం ఒకటి తేలికయ్యేది. నాంచారి తొక్కితే నీళ్లు కట్టపైకి చేరేవి. కట్ట నిండాక తూము తెరిచారు. నీళ్లు దూకాయి, చక్రం కదిలింది. రెండీకల పిట్ట ఒకటి చక్రం రెక్కల మధ్యకు దూరి, అవతలివైపు మూడు ఈకలతో బయటికి ఎగిరింది. తర్వాత పది, తర్వాత వేలు.

"పలుకంతా విరిచాక చివరికి మిగిలినదాన్ని ఎవరు పట్టుకుపోతారవ్వా?" నాంచారి రొప్పుతూ అడిగింది.

"నువ్విప్పుడు పీల్చావే, ఆ గాలి. అడుగున దోసిలి పట్టుకుని నిలబడి ఉంటుంది. అందుకుని నీరైపోతుంది. అదొక్క క్షణం రాకపోతే నా ఏతాలన్నీ ఆగిపోతాయి. ఎవరూ దానికీ దండం పెట్టరులే!" అని ముసలమ్మ మొదటిసారి నవ్వింది.

నాంచారి మోచేతులదాకా మసి అంటింది. పిక్కల్లో సలుపు ఎప్పుడు పోయిందో తెలియలేదు.

పున్నమి పగలు ఆమె కోట చేరేసరికి వీధుల్లో బొంగరాలు తిరుగుతున్నాయి. మంత్రిగారు రెండేసి మెట్లు ఎక్కుతున్నారు. అడవికి వెళ్లి బలం తెచ్చిన పిల్ల వచ్చిందని డప్పులు మోగాయి. గుణవర్మ స్వయంగా ఎదురొచ్చి ఆమె మెడలో పూలదండ వేశాడు. రక్షకభటులు చెంగయ్యను సభకు తెచ్చారు. ఆయన ముఖంలోకి రంగు వచ్చింది. కాని చేతులకు సంకెళ్లున్నాయి.

"నీ తండ్రి వంటలో ఏ పాపం కలిపాడో గాని, నీ సాహసం చూసి అతని నేరాన్ని క్షమిస్తున్నాను," అన్నాడు రాజు. "సంకెళ్లు తీయండి!"

జనం జేజేలు కొట్టారు. చెంగయ్య తల వంచుకున్నాడు. క్షమించబడిన దొంగలా నిలబడ్డ తండ్రిని చూసింది నాంచారి. ప్రాణం దక్కింది. ఊరుకుంటే అంతా సుఖంగా ముగుస్తుంది. దండలోని పూలు ఆమె మెడకు మంటపెట్టినట్టున్నాయి.

"మహారాజా, క్షమించవద్దు," అంది. సంకెళ్లు తీయబోయిన భటుడు ఆగిపోయాడు. "మా నాన్న తప్పు చేయనేలేదు. చేయనిదానికి క్షమించడం ఏమిటి?"

ఆమె దండ తీసి కింద పెట్టి, వాకిట్లో ఏం జరిగిందో, తానేమందో, ఎవరితో ఎన్ని అబద్ధాలాడిందో మొదటినుంచి చెప్పింది. చెబుతున్నంతసేపూ చెవులు మండుతూనే ఉన్నాయి. ఎవరి ముఖమూ చూడలేకపోయింది. అయినా ఒక్క మాట మింగలేదు.

ముందుగా లేచింది రాకుమారి. "నేనూ నవ్వాను నాన్నగారూ. నేను నవ్వకపోతే అది ఆ మాట అనేది కాదేమో."

"గెంటింది నేనే దొరా," అన్నాడు కావలివాడు, ఈటె కిందికి దించి.

గుణవర్మ సింహాసనం దిగి, చెంగయ్య సంకెళ్లు తన చేత్తో తీశాడు. "ఒక్క మాట అడగకుండా నిన్ను చెరలో వేశాను. అందరిలోకీ సిగ్గుపడాల్సింది నేను," అన్నాడు.

చెంగయ్య మణికట్లు నిమురుకుంటూ కూతురి ముందుకు వచ్చాడు. ఆమె నేలచూపులు చూస్తూనే ఉంది.

"నమ్ముతావా అని అడిగాను," అన్నాడు. "ఆరోజు చెప్పి ఉంటే బాగుండేది తల్లీ."

"అవును నాన్నా."

అంతకుమించి మందలించలేదు. తన వెచ్చని అరచేయి ఆమె మసి చేతిమీద వేసి అలాగే ఉంచాడు.

శిక్షను విరుపమ్మనే అడిగి రమ్మని రాజు మనుషులను పంపాడు. మూడు పంటల కాలాలు, పంటకు నెలరోజుల చొప్పున, నాంచారి వచ్చి ఏతం తొక్కాలని ముసలమ్మ కబురంపింది. మూడేళ్లూ ఆమె వెళ్లింది. తోడుగా హేమరేఖ వెళ్లింది, కావలివాడూ వెళ్లాడు. తండ్రి తర్వాత పాలవెల్లి వంటశాలకు నాంచారే పెద్ద అయింది. పిల్లల పళ్లన్నీ వచ్చాయి. కొవ్వాసురుడి కనుబొమ్మలు కూడా మొలిచాయట.

నాలుగో ఏట, ఇక రానక్కరలేదని లోయనుంచి కబురొచ్చింది. అది విని నాంచారి పాత నూలు పావడా మడిచి మూటగట్టుకుని, ఎప్పటిలాగే పొద్దున్నే బయలుదేరింది.